తాత అద్దెకిచ్చిన ఇంట్లో ఒక పూట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇల్లు అద్దెకివ్వడమనే మాట ఎవరూ ఎరగరు. అనంతగిరి దాటి అరకు వెళ్ళే రోడ్డు నుంచి లోపలికి మైలున్నర నడిస్తే వచ్చే ఊరు మాది. ముప్పై గడప ఉండేది. చుట్టమొస్తే అరుగు మీద పడుకునేవాడు, అలిగి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల నెలల తరబడి ఉండిపోయేది, ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. తలుపులకు తాళాలు లేవు. పొలానికి వెళ్ళేటప్పుడు గుమ్మానికి అడ్డంగా ఒక కర్ర పెడితే ఇంట్లో మనుషులు లేరని అర్థం. అయినా పొయ్యిలోకి నిప్పు కావలసి వస్తే, ఆ కర్ర తీసి లోపలికెళ్ళి, బూడిద కింద ఉన్న నాలుగు నిప్పుకణికలు చిప్పలో వేసుకుని, మళ్ళీ కర్ర పెట్టి రావడంలో తప్పేమీ లేదు. అలాంటి ఊళ్ళో మొట్టమొదట ఇల్లు అద్దెకిచ్చినవాడు మా తాత. ఆ పని ఎలా చేయకూడదో కూడా ఊరందరికీ ఆయనే చూపించాడు.

ఇప్పుడీ సంగతి ఎందుకు గుర్తొచ్చిందంటే, మా తమ్ముడి కూతురు ఈ ఏడు అరకు రోడ్డు పక్కన రెండు గదులు కట్టించింది. శ్లాబు, టైల్సు, గీజరు, అన్నీ ఉన్నాయి. అద్దెకివ్వాలని దాని ఆలోచన. ‘అత్తా, నువ్వు ఇరవయ్యేళ్ళుగా అద్దెకిత్తన్నావు కదా, నాకు నాలుగు ముక్కలు సెప్పు’ అని ఫోను నా ముందు పెట్టుకుని కూర్చుంది. నేను మాట్లాడేదంతా రికార్డు చేసుకుంటుందట. దానికి కావలసింది ఎంత అడగాలి, ఎన్ని నెలల అడ్వాన్సు పట్టాలి అనేవే. నాకు మాత్రం ఆ రెండూ కాక మా తాత తిన్న ఒక పూట కూడు గుర్తొచ్చింది.

మాకు రెండిళ్ళుండేవి. మా నాన్న కాఫీ తోటల పనిలో కుదురుకుని కొత్తగా పెంకుటిల్లు కట్టించాక, దాని కింద పల్లంలో ఉన్న పాత పూరిల్లు ఖాళీ పడింది. అది తాత వాళ్ళ నాన్న కట్టిన ఇల్లు. మట్టిగోడలు, గడ్డి కప్పు. దూలం పొడుగాటి మనిషి భుజం ఎత్తుకు మించదు, వంగి దాటవలసిందే. కొండ మీద గాలికి తట్టుకోవాలని మా పెద్దలు ఇళ్ళు అంత పొట్టిగానే కట్టేవారు. గోడ నుంచి గోడకు ఒకటే దూలం, దాని మీదే కప్పు బరువంతా. పొయ్యికి పైన వెదురు అటక, ఆ అటక మీద విత్తనాల జొన్నపొత్తులు. ఏళ్ళ తరబడి పొగ పట్టి దూలమూ వాసాలూ నల్లగా నిగనిగలాడుతుండేవి. కొత్తింట్లో మంచం వేసినా తాత పగలంతా పాతింటి గుమ్మంలోనే కూర్చునేవాడు. ఆయనకు ఆ ఇంటి మీద ఉన్న ప్రేమ మా ఎవ్వరి మీదా ఉండేది కాదని మా మామ్మ దెప్పుతుండేది. నాకు తెలిసి అది నిజం.

నా తొమ్మిదో ఏట వేసవిలో మా బడికి కొత్త పంతులు వచ్చాడు. కొయ్యూరు వైపు కొండల్లో పుట్టినవాడు, మన్యం మనిషే, కాకపోతే పెరిగిందంతా హాస్టళ్ళలోనే. కొత్తగా పెళ్ళయింది. ఉండడానికి ఇల్లు కావాలన్నాడు, ఊరికే వద్దు, నెలకింత ఇస్తానన్నాడు. తాత ముందు నవ్వాడు. తర్వాత ఆలోచించి సరేనన్నాడు. ఇల్లు అప్పగించడమంటే ఆయన చేసింది ఒక్కటే, గుమ్మానికి అడ్డంగా ఉన్న కర్ర తీసి పక్కన పెట్టాడు. అటక మీద జొన్నపొత్తులు అలాగే ఉన్నాయి. మూలన పారలూ గునపాలూ అలాగే ఉన్నాయి. అవి ఎవరికి అడ్డమని ఆయన అభిప్రాయం.

పంతులు భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. చిన్నతనంలోనే తల్లి పోతే, మైదానంలో మిషన్ వాళ్ళ హాస్టల్లో పెరిగిందట. అక్కడ వంట ఎవరో వండి పెట్టేవారు. ఆమెకు ఆయాసం. పొగ తగిలితే ఛాతీ పట్టేసి, గోడకు చేరబడి ఊపిరి కోసం తిప్పలు పడేది. అందుకని పంతులు విశాఖపట్నం నుంచి కిరసనాయిలు స్టవ్ తెచ్చాడు. పాత పొయ్యి మీద పుస్తకాల పెట్టె పెట్టుకున్నారు.

పొగ లేని పూరిల్లు ఎన్నాళ్ళు నిలబడుతుందో మా కొండల్లో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. పొయ్యి వేడికి వాన తడిసిన గడ్డి ఆరుతుంది. పొగకు చెదా పుచ్చూ దగ్గరకు రావు. రోజూ రాజే పొయ్యే ఆ ఇంటికి కాపలా. అది తాతకు తెలుసు. తెలిసి కూడా ఆయన ఏం చేశాడంటే, రోజూ మా కొత్తింటి అరుగు మీద కూర్చుని, ‘పొయ్యి రాజని ఇల్లు ఇల్లేటి’ అని మామ్మతో అన్నాడు, నాతో అన్నాడు, దారిన పోయేవాళ్ళతో అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళతో మాత్రం ఒక్కసారీ అనలేదు. కొండోడి కొడుక్కి ఇది కూడా చెప్పాలా అని ఆయన పట్టు. చెప్పకుండానే తెలియాలనుకునే మనుషులతో వేగడం ఎంత కష్టమో, అలాంటి తాత ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

అలా ఒక వానాకాలం గడిచిపోయింది. మరుసటి వేసవిలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. దూలానికి పాత చీర కట్టి ఉయ్యాల వేశారు. బడి వదిలిన దగ్గర నుంచి నేను ఆ ఉయ్యాల దగ్గరే.

తొలకరి పడిన వారంలో గొడవ జరిగింది. తాత జొన్న విత్తనాల కోసం ఎప్పటిలాగే విసురుగా లోపలికెళ్ళాడు. అక్క పిల్లకు పాలిస్తోంది. సిగ్గుతో చచ్చి, పమిట లాక్కుని గోడవైపు తిరిగిపోయిందట. తాత అదేమీ పట్టించుకోకుండా పొత్తులు దించుకుని వచ్చేశాడు. సాయంత్రం పంతులు వచ్చి చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అడిగాడు. ‘తాతా, ఇల్లు మీదే. లోపలికొచ్చే ముందు మాత్రం వాకిట్లోంచి ఒక్క కేక వెయ్యండి, అంతే.’ మర్నాడు తలుపుకు లోపలివైపు గొళ్ళెం బిగించాడు.

తాతకు ఒళ్ళు మండిపోయింది. ‘మా అయ్య కట్టిన ఇంటికి నాను కేకేసి ఎల్లాలేటి. నాకు గొళ్ళెమేటి. మరి ఆ గడప తొక్కితే ఒట్టు’ అన్నాడు. ఒట్టు పెట్టుకున్నాక మా తాత కొండ విరిగి మీద పడ్డా మాట తప్పేవాడు కాదు. అప్పటిదాకా అడగకుండా రోజుకు నాలుగుసార్లు వెళ్ళిన మనిషి, అప్పటి నుంచి ఆ ఇంటివైపు మొహం కూడా తిప్పలేదు. చేస్తే అది, లేకపోతే ఇది. మధ్యలో, పిలిచి వెళ్ళి ఇల్లు ఎలా ఉందో చూసుకుని రావడమనే మూడో దారి ఒకటుంటుందని ఆయనకు తట్టలేదు.

దాంతో ఆ రెండిళ్ళకూ మధ్య మాట మోసేదాన్ని నేనొక్కదాన్నే అయ్యాను. పదేళ్ళదాన్ని.

వానలు ముదిరాక ఒకరోజు అక్క, ‘తాతతో చెప్పవూ, పైనుంచి ఏదో పొడి రాలుతోంది, పక్కబట్టలన్నీ అదే’ అంది. వెళ్ళి చెప్పాను. తాత అరుగు మీద తాడు పేనుతున్నాడు. తలెత్తి చూసిన చూపుకే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ‘ఆ ఇల్లు నాను పుట్టకముందుది. దానికి వంక పెట్టడానికి ఆళ్ళెవులు. పోయి ఆడుకో’ అని కసిరాడు. ఆ మాట అలాగే మోసుకెళ్ళి అక్క మొహాన చెప్పడానికి నోరు రాలేదు. ‘ఏం పరవాలేదన్నాడు’ అని చెప్పాను. అక్క నమ్మింది. పంతులూ నమ్మాడు. ఇల్లు కట్టినవాళ్ళ మనిషే పరవాలేదన్నాక, ఇళ్ళ సంగతి తమకేం తెలుసని ఊరుకున్నారు.

వారం తర్వాత మళ్ళీ చెప్పమంది. నేను మా ఇంటిదాకా వెళ్ళి, తలుపు వెనక కాసేపు నిలబడి, వెనక్కొచ్చి ‘చెప్పాను’ అన్నాను. చెప్పలేదు. మూడోసారీ అంతే చేశాను. ఈ మాట నేను చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు, మా పిల్లలకు కూడా.

ఆ తర్వాత ముసురు పట్టింది. కొండ కనపడకుండా మంచూ వానా కలిసిపోయి మూడు రోజులు విడవకుండా కురిసింది. మూడో రోజు పొద్దున్న బడి మానేసి నేను పాతింటికి వెళ్ళేసరికి పిల్ల ఉయ్యాలలో నిద్రపోతోంది. వంగి చూశాను. పిల్ల కనురెప్పల వెంట్రుకల మీద సన్నగా, పసుపుపచ్చగా పొడి. ఊదితే ఎగిరింది. చూస్తుండగానే మళ్ళీ రెండు నలుసులు వచ్చి బుగ్గ మీద పడ్డాయి. నాకేమైందో తెలియదు, ఒక్క పరుగున మా మామ్మ దగ్గరకెళ్ళి ఒళ్ళో తల పెట్టి ఏడ్చేశాను. అన్నీ చెప్పాను, తాతతో చెప్పానని అక్కతో అబద్ధమాడిన సంగతి తప్ప.

మామ్మ కళ్ళకు అప్పటికే పొరలు కమ్మాయి. మనిషి ఆకారం ఆనేది గాని, చీకటి కప్పులో దూలం ఎలా ఉందో చూడగలిగే చూపు కాదు. అమ్మా నాన్నా తోటకు పోయారు. పంతులు బళ్ళో ఉన్నాడు. చూసి చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ ఒట్టు పెట్టుకు కూర్చున్నాడు. మామ్మ నన్ను ఒళ్ళోంచి లేపింది. తర్వాత లేచి, మా పొయ్యిలో నిప్పు మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించింది. సామ బియ్యం గిన్నె చేతికి తీసుకుంది. ‘నా సెయ్యి పట్టుకో, కింది ఇంటికి తీసుకెల్లు’ అంది.

పాతింట్లో మామ్మ స్టవ్ మీద వంట చేసిన ముచ్చట మరో రోజైతే కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. దాన్ని తిట్టింది, దాని వాసనను తిట్టింది, అక్క పక్కన నిలబడి పిన్ను పెట్టి గుచ్చుతుంటే, పిన్నుతో పొడిస్తే గాని వెలగని పొయ్యి ఏం పొయ్యని అడిగింది. సామ అన్నం, చిక్కుడుగింజల కూర వండింది. ఇల్లంతా ఒకసారి చేత్తో తడుముకుంటూ తిరిగి, దూలానికి సరిగ్గా కింద, ఉయ్యాలకు రెండు మూరల దూరంలో చాప వేయించింది. చాప ముందు అడ్డాకు విస్తరి పరిచింది. అప్పుడు నన్ను పంపింది. ‘తాత పొలం నుంచి వచ్చి ఉంటాడు. కూడు ఇక్కడుందని సెప్పు. ఇంకేటీ సెప్పకు.’

తాత తడిసి ముద్దై అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల పొయ్యి చల్లగా ఉండడం చూసి అప్పటికే మండిపడుతున్నాడు. నేను చెప్పింది విని తలగుడ్డ పిండుకున్నాడు. తర్వాత తాటాకు గొడుగు నెత్తిన పెట్టుకుని నా వెనకాలే వచ్చాడు గాని, పాతింటి వాకిట్లో ఆగిపోయాడు. చూరు నుంచి నీళ్ళు ఆయన భుజాల మీద కారుతున్నాయి. అక్క తలుపు దగ్గరకొచ్చి, ‘రండి తాతా, లోపలికి రండి’ అని పిలిచింది.  ఆకలితో మనిషి మొహం పీక్కుపోయింది, అయినా కాలు కదపడు.

లోపల నుంచి మామ్మ మెల్లిగా అంది. ‘నువ్వు అద్దెకిచ్చిన ఇల్లే కదా. దీనిలో ఒక పూట కూడు తినడానికి నీకు బయమేటి?’

ఆ మాటకు తాత మెడ నరాలు బిగుసుకోవడం నేను చూశాను. భయమన్న మాట ఆయన పడలేడు. నలభై ఏళ్ళు ఆయనతో కాపురం చేసిన మామ్మకు ఆ సంగతి తెలుసు. ఒట్టు గట్టునపెట్టి గడప దాటాడు. ఎవరి వైపూ చూడకుండా చాప మీద కూలబడి, ఆకు ముందుకు లాక్కున్నాడు.

మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్ద కలుపుతుంటే ఆకులో పొడి రాలింది. చిటికెడు. చేత్తో పక్కకు తోసి తిన్నాడు. పిల్ల కదిలితే అక్క ఉయ్యాల ఊపింది. దూలం కిర్రుమంది. ఆకు మీద మళ్ళీ పొడి, ఈసారి ఎక్కువగా. తాత ముద్ద ఆకులోనే వదిలి, పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. అక్క మళ్ళీ ఊపింది. మళ్ళీ కిర్రుమంది, మళ్ళీ రాలింది. అప్పుడు తాత తలెత్తాడు. నిరుటి వేసవి దాకా నల్లగా నిగనిగలాడిన దూలం మీద ఆయన చూపు గోడ వైపుగా మెల్లిగా జరిగింది. గోడలోకి దిగిన చివర దగ్గర ఆగిపోయింది. తడిసి నానిన మట్టిగోడ అక్కడ బెత్తెడు మేర రాలిపోయి ఉంది. దూలం కొస చెద తిని, నానిన రొట్టె ముక్కలా ఉంది.

ఆయన గొంతు నేను అంతకు ముందెప్పుడూ విననంత మెత్తగా వచ్చింది. ‘ఉయ్యాల ఊపకమ్మా. సెయ్యి అలాగే ఆపు.’

అక్కకు అర్థం కాలేదు, అయినా ఆపింది. తాత ఎంగిలి చేత్తోనే, నేల మీద బరువు పడకుండా నడిచినట్టు నడిచి, ఆ కొస కిందకు వెళ్ళాడు. కాస్త వంగి, ఎడమ భుజం దూలానికి ఆనించి, నెమ్మదిగా మోకాళ్ళు నిటారు చేశాడు. గోడలోంచి మట్టి బొళుక్కున జారింది. కప్పంతా ఒక్క వేలెడు కిందకు దిగింది. నేను అరవబోతే మామ్మ నా నోరు మూసింది.

‘గుడ్డ లాగొద్దు. కట్టు ఇప్పొద్దు. పిల్లనొక్కదాన్నీ ఎత్తుకుని, బైటికెల్లిపో. ఎనక్కి సూడకు’ అన్నాడు తాత. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి పీల్చుకున్నాడు. అక్క రెండు చేతులూ ఉయ్యాలలో పెట్టి పిల్లను తీసుకుంది.  గుమ్మం నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులూ ఆమె మునివేళ్ళ మీద నడిచి దాటింది. తర్వాత మామ్మ గోడ తడుముకుంటూ బయటికి వెళ్ళింది. చివరికి నేను.

గుమ్మంలో ఒక్కసారి వెనక్కి తిరిగాను. తాత మెడ పక్కకు ఒరిగిపోయింది, మొహం నల్లబడింది. ఆయన వదిలితే కప్పు ఆయన మీదే పడుతుంది. తప్పుకుని గుమ్మందాకా వచ్చే వ్యవధి లేదు. ‘పంతుల్ని పిలు. రెండు గడలు తెమ్మను. బేగి’ అన్నాడు.

బడిదాకా ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. బురదలో రెండుసార్లు పడ్డాను. పడ్డ ప్రతిసారీ నా చెవుల్లో ఒకటే, నేను చెప్పలేదు, నేను చెప్పలేదు. పంతులు సుద్దముక్క చేతిలో ఉండగానే బయటికొచ్చాడు. దారిలో ఇద్దరు మగవాళ్ళు కలిశారు, ఎవరిదో పశువులశాల దడి నుంచి రెండు వెదురు గడలు పీక్కున్నారు. మేం వచ్చేసరికి తాత ఒక మోకాలి మీదకు వచ్చేశాడు. దూలం ఆయన భుజం మీద, ఆయన కుడి చెయ్యి నేల మీద. పంతులు ఏమీ ఆలోచించకుండా లోపలికి దూరి తన భుజం కూడా కింద పెట్టాడు. గడలు రెండూ దూలం కింద ఊతంగా నిలబెట్టి, తాతను చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చారు.

చీకటి పడకముందే ఆ ఇల్లు కూలిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. కప్పు నడుం విరిగి లోపలికి కూర్చుండిపోయింది. మేమంతా కొత్తింటి అరుగు మీద నిలబడి చూశాం. అక్క పిల్లను గుండెకు అదుముకుని ఉంది. ఉయ్యాల గుడ్డ ఒక కొస గడ్డిలోంచి బయటికి కనపడుతోంది.

ఆ సాయంత్రం తాత భుజానికి మామ్మ వేడి వేడి ఆముదం పట్టువేసింది. ఆయన నన్ను దగ్గరకు పిలిచాడు. ‘ఆ పొడి సంగతి నీకెన్నాళ్ళ నుంచి తెలుసే, గుంటా?’ అని అడిగాడు. ఇంక దాచలేకపోయాను. నెల రోజులని చెప్పాను. అక్క మూడుసార్లు చెప్పమంటే ఒక్కసారే చెప్పానని, మిగతా రెండుసార్లూ అబద్ధమాడానని చెప్పాను. చెంప పగులుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. ‘నాతో సెప్పడానికి బయపడ్డావు కదా’ అన్నాడు. తలూపాను. ‘ఆ బయం నాను పెట్టిందే. పిల్ల పేనం మీదకొచ్చినా సెప్పలేనంత బయం పెట్టినాను. నువ్వు ఏడవకు’ అన్నాడు. అన్నవాడు ఆయనే ఏడ్చాడు. మా తాత ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత లేచి, పంతులూ అక్కా కూర్చున్న చోటికి వెళ్ళి, నిలబడే చెప్పాడు. పొగ సంగతి తాను చెప్పవలసింది, చెప్పలేదు. వానలకు ముందు కప్పు చూడవలసింది, చూడలేదు. ఇల్లు తనదన్నప్పుడు కప్పూ తనదే. పంతులు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే పెట్టనివ్వలేదు.

వానలు వెనకబట్టేదాకా అందరం ఒక్క కప్పు కిందే సర్దుకున్నాం. తర్వాత ఊరంతా కలిసి గడ్డి కోసి, కొత్త దూలంతో ఇల్లు లేవనెత్తారు. తాత విత్తనాలూ పారలూ అన్నీ మా ఇంటికి చేరవేసుకుని, ఉత్త ఇల్లు చూపించాడు. ఏ గోడకు చెమ్మ పడుతుందో, నీళ్ళు ఏ వైపు నుంచి దిగుతాయో, గాలి ఎటు కొడుతుందో, పిల్లలకు పాఠం చెప్పినట్టు పంతులుకు చెప్పాడు. పొగ అక్కకు పడదు గనక, వాళ్ళు సంతకెళ్ళిన రోజున తానొచ్చి పొయ్యి రాజేసి, సాయంత్రానికి తలుపులు బార్లా తీసి గాలి ఆడిస్తానన్నాడు. అలాగే చేశాడు. వచ్చిన ప్రతిసారీ వాకిట్లో నిలబడి ‘అమ్మా, నాను’ అని పిలిచి, అక్క రమ్మనేదాకా ఆగేవాడు. ఆయన ఎడమ చెయ్యి మాత్రం మరి ఎప్పుడూ భుజం కంటే పైకి లేవలేదు.

ఇదంతా మా తమ్ముడి కూతురు ఫోనులోకి ఎక్కింది. దానికి పనికొచ్చేవి కూడా కొన్ని చెప్పాను. ఎవరికైనా తాళం ఇచ్చే ముందు ఆ గదిలో నువ్వు ఒక పూట వండుకు తిను, ఒక రాత్రి పడుకో, కుళాయి తిప్పు, తలుపు వేసి తియ్యి అన్నాను. నీ సామాన్లు ఒక్కటి కూడా లోపల ఉంచకు. ఏ వస్తువు ఎలా ఉందో ఇద్దరూ చూసి కాగితం రాసుకోండి. ఏడాదికి రెండుసార్లు, ముందు రోజే చెప్పి, వెళ్ళి చూసుకో. మన్యంలో మన చోటు గిరిజనులు కానివాళ్ళకు రాసివ్వడానికి చట్టం ఒప్పదు, కనుక ఎవరైనా అగ్రిమెంటు చేతిలో పెడితే ముందు తాసిల్దారు ఆఫీసులో అడుగు, ఆ తర్వాతే సంతకం. ఇవన్నీ విని, ‘మరి అద్దె ఎంత అడగాలి అత్తా’ అంది. నా రాత.

దానికి చెప్పకుండా మిగిలిపోయినది ఒకటుంది. పోయిన నెల జరిగింది. నా గదుల్లో అద్దెకున్న ఆస్పత్రి నర్సమ్మ కూతురు, ఏడేళ్ళ పిల్ల, నేను చేటలో మిరియాలు ఏరుకుంటుంటే వచ్చి, కుళాయి కారుతోందని అమ్మ చెప్పమందని చెప్పింది. పొద్దుటి నుంచి నడుంనొప్పితో ఉన్నాను. నేనొక్క మాట కూడా అనలేదు. తలెత్తి చూశానంతే. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ అడుగు నాకు తెలుసు. తలుపు వెనక నిలబడ్డ పదేళ్ళ పిల్ల వేసిన అడుగే అది. మా తాత మొహం నాకెప్పుడొచ్చిందో తెలియలేదు. చేట పక్కన పెట్టేశాను. పిల్లను దగ్గరకు పిలిచి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ‘మంచి మాట సెప్పినావమ్మా, ఇంకేటైనా ఉందేటి’ అని అడిగాను. ఆ పిల్ల కాసేపు నా మొహంలోకి చూసింది. చెప్పవచ్చో లేదో తేల్చుకుంటోందని తెలుస్తూనే ఉంది. తర్వాత మెల్లిగా, ‘మామ్మా, నీళ్ళు పోసుకునేటప్పుడు గోడ ముట్టుకుంటే సెయ్యి జివ్వుమంటంది’ అంది.

నేను లేచిన లేవడానికి చేట కాలికి తగిలి మిరియాలు ఇల్లంతా దొర్లిపోయాయి. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి కరెంటు మెయిన్ స్విచ్ ఆపేశాను.